మోటారు ఆగమంటే ఆగడం లేదు: ట్యాంకు సెన్సర్, వైఫై స్విచ్, మధ్యలో ఆటోమేషన్ సర్వీసు (తిరుపతి)

మెట్లదారి | ఆదివారం, రాత్రి 9:12

నమస్తే అందరికీ. నా ఉద్యోగం బెంగళూరులో, అమ్మానాన్న ఉండేది తిరుపతి ఎం.ఆర్.పల్లిలో. కుళాయి నీళ్ళు కింద సంపులో పడతాయి. అక్కడినుంచి ఒక హెచ్‌పీ మోటారుతో మిద్దె మీది వెయ్యి లీటర్ల ట్యాంకుకు ఎక్కించుకుంటాం. నాన్న మోటారు వేసి, పేపర్లో పడి, మరిచిపోతారు. ట్యాంకు పొంగి పక్కింటివాళ్ళ వాకిట్లో పడుతుంది. ఈ గొడవ వదిలించుకుందామని ఫిబ్రవరిలో ఊరికొచ్చినప్పుడు ట్యాంకు మూత లోపల నీటిమట్టం చూసే సెన్సర్ బిగించాను, మోటారుకు వైఫై స్విచ్ పెట్టాను. రెండూ వేరువేరు కంపెనీలవి, ఒకదాని భాష ఇంకొకదానికి రాదు. అందుకే మధ్యలో ఒక ఆటోమేషన్ సర్వీసు పెట్టి రెండు రూల్సు రాశాను. నీళ్ళు 20 శాతం కన్నా తగ్గితే మోటారు వేయి, 90 దాటితే ఆపు. అంతే.

నాలుగు నెలలు నిశ్చింతగా ఉన్నాం. మూడు వారాలుగా మాత్రం రోజుకో వేషం. ఒకరోజు సరిగ్గా ఆగుతుంది, ఒకరోజు ముప్పావుగంట ఆలస్యంగా ఆగుతుంది, ఒకరోజు అసలు ఆగదు. ఒకసారైతే యాప్‌లో ఆఫ్ అని చూపిస్తోంది, నాన్న ఫోన్లో "ఇంకా తిరగతానే ఉండాది రా" అంటున్నారు. యాప్ పాత స్టేటస్ చూపిస్తోందేమో అనుకుని వదిలేశాను. విడివిడిగా తెరిచి చూస్తే రెండు యాప్‌లూ బాగానే ఉన్నాయి. రూల్సు చెరిపి మళ్ళీ రాశాను. తేడా లేదు.

మూడు వారాల కిందట మారింది ఒక్కటే. పాత ఇంటర్నెట్ తీసేసి ఫైబర్ పెట్టించాం, రౌటర్ కొత్తది. పక్కింటి అత్త నాతో మాట్లాడటం మానేసింది. కాస్త దారి చూపించండి.

పదమూడో_చానెల్ | ఆదివారం, రాత్రి 9:31

రౌటరే. ఇంకేం ఆలోచించకండి.

ఈ రకం స్విచ్చుల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప ఇంకోటి రాదు. కొత్త రౌటర్లేమో 2.4కీ 5కీ కలిపి ఒకటే పేరు పెట్టేసి మనల్ని తికమక పెడతాయి. రెంటికీ వేరువేరు పేర్లు పెట్టండి. వైఫై భద్రత పద్ధతి డబ్ల్యూపీఏ3 అని ఉంటే పాతదైన డబ్ల్యూపీఏ2కు దించండి, పాత పరికరాలకు అది అర్థం కాదు.

నా పేరు వెనక కూడా ఒక కథ ఉంది. చిత్తూరులో మా ఇంట్లో ఒక వైఫై ప్లగ్ రెండు రోజులు నెట్‌లో ఉండేది, మూడోరోజు మాయమయ్యేది. నెల రోజులు జుట్టు పీక్కున్నాక తెలిసింది. రౌటర్‌లో చానెల్, అంటే సిగ్నల్ పంపే దారి నంబరు, 'ఆటో' అని ఉంది, అది బుద్ధి పుట్టినప్పుడల్లా 13కు దూకుతోంది. అమెరికా లెక్క ప్రకారం తయారైన ప్లగ్‌కు 11 దాటితే ఏమీ కనపడదు. 1, 6, 11 ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు కాబట్టి 6 పట్టి బిగించేశాను. మళ్ళీ పోలేదు.

కొర్లగుంట_కోడర్ | ఆదివారం, రాత్రి 9:58

రౌటర్ కావచ్చు. కానీ రౌటరే అయితే రెండు యాప్‌లూ విడివిడిగా ఎందుకు బాగున్నాయి? తీర్పు కాసేపు ఆపుదాం.

మెట్లదారి గారూ, మీ మిద్దె మీది కబురు కింద ఉన్న మోటారుకు చేరే దారి ఒకసారి చూడండి. సెన్సర్ మీ రౌటర్‌కు చెబుతుంది. రౌటర్ సెన్సర్ కంపెనీ సర్వరుకు చేరుస్తుంది. ఆటోమేషన్ సర్వీసు అక్కడికొచ్చి తెలుసుకుని, స్విచ్ కంపెనీ సర్వరుకు చెబుతుంది. అది మళ్ళీ మీ రౌటర్‌కు, రౌటర్ స్విచ్‌కు. ఇరవై అడుగులు దిగాల్సిన మాట ఏ దేశానికో పోయి వస్తోంది. ఇందులో ఎక్కడ ఆగిందో తెలియకుండా అన్నీ ఊడదీసి బిగిస్తే, బాగున్నది కూడా చెడుతుంది.

ఒక పని చేయండి. సెన్సర్ యాప్‌లో నీళ్ళు 90 దాటిన టైము, సర్వీసు హిస్టరీలో ఆ రూలు నడిచిన టైము, స్విచ్ యాప్‌లో ఆఫ్ అయిన టైము. గొడవ జరిగిన మూడు రోజులవి పక్కపక్కన రాసి పెట్టండి. దొంగ ఎక్కడున్నాడో అక్కడే తెలుస్తుంది.

తులసికోట | ఆదివారం, రాత్రి 10:25

మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. మాది తిరుచానూరు. మా అన్న కొడుకు మార్చిలో వచ్చినప్పుడు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద హోమ్ అసిస్టెంట్ అనే ఇంటి ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ పెట్టి, సూర్యాస్తమయానికి తులసికోట దగ్గర లైటు వెలిగేటట్టు చేసి వెళ్ళాడు. చదువు కోసం వేరే దేశం పోయాడు, ఫోన్ చేస్తే "అత్తా, పరీక్షలు" అంటాడు.

ఆ లైటు మార్చి నెలాఖరులో రాత్రి పదకొండున్నరకు వెలిగేది. పోనీలే, కొత్త కదా అనుకున్నాను. ఇప్పుడు జూన్‌లో అర్ధరాత్రి దాటి ఒకటిన్నరకు వెలుగుతోంది. తెరమీద గడియారం మాత్రం సరిగ్గానే ఉంది. మా అత్తగారు ఇంట్లో ఏదో తిరుగుతోందని నిమ్మకాయలు కట్టించారు.

పదమూడో_చానెల్ | ఆదివారం, రాత్రి 10:33

తులసికోట గారూ, ఇది ఐదున్నర గంటల తేడా. సర్వర్లన్నీ యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైము లెక్కలో ఉంటాయి, మనం దానికి ఐదున్నర గంటలు ముందు. సాయంత్రం ఆరు అని రాస్తే అది యూటీసీ ఆరు అనుకుంటుంది, మనకు రాత్రి పదకొండున్నర అవుతుంది. టైమ్‌జోన్ కోల్‌కతా అని పెట్టండి, అయిపోతుంది.

తులసికోట | ఆదివారం, రాత్రి 10:41

కోల్‌కతా అనే ఉంది బాబూ. మరి ఒకటిన్నర ఎందుకవుతుంది?

మెట్లదారి | సోమవారం, ఉదయం 7:20

కోడర్ గారూ, మీరు అడిగినవి. అన్నీ ఉదయం టైములు.

గురువారం: సెన్సర్ 90 దాటింది 6:42, రూలు నడిచింది 7:31, స్విచ్ ఆఫ్ 7:31.

శుక్రవారం: సెన్సర్ 6:40, రూలు 6:44, స్విచ్ ఆఫ్ 6:44. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కానీ నాన్న ఏడు గంటలకు మోటారు ఎం.సి.బి. దించితేగానీ ఆగలేదట. టైము ఆయన తప్పు చూసుకున్నారేమో.

శనివారం: సెన్సర్ 6:51, రూలు 7:38, పక్కన ఎర్రగా 'అకౌంట్‌కు అనుమతి లేదు' అని ఉంది. స్విచ్ ఆఫ్ కాలేదు.

ఇంకోటి మరిచాను. 20 నుంచి 90కి నిండటానికి మాకు 22 నిమిషాలు పడుతుంది.

కొర్లగుంట_కోడర్ | సోమవారం, ఉదయం 8:45

బాగా రాశారు. మూడు రోజులకు మూడు కథలున్నాయి ఇందులో.

గురువారం సంగతి. 6:42కి సెన్సర్ సర్వరుకు తెలిసిన విషయం మీ సర్వీసుకు 7:31కి తెలిసింది. 49 నిమిషాలు. 22 నిమిషాల్లో 700 లీటర్లంటే నిమిషానికి సుమారు 32 లీటర్లు. 90 నుంచి అంచుదాకా మూడు నిమిషాలు తీసేయండి, మిగతా 46 నిమిషాల్లో దాదాపు 1,470 లీటర్లు పక్కింట్లో పోశారు. అత్త మాట్లాడకపోవడంలో న్యాయం ఉంది.

ఎందుకు ఆలస్యమంటే, ఈ సర్వీసులు కబురు రెండు రకాలుగా తెలుసుకుంటాయి. పాలవాడు వచ్చి గంట కొడితే మనం పోవడం ఒకటి, దాన్ని వెబ్‌హుక్ అంటారు. పాలు వచ్చాయా అని మనమే ఉండుండి గేటు దగ్గరకు పోయి చూసి రావడం ఇంకోటి, అది పోలింగ్. మీ సెన్సర్ గంట కొట్టే రకం కాదు. సర్వీసే పోయి అడగాలి. డబ్బు కట్టినవాళ్ళ తరఫున కొన్ని నిమిషాలకోసారి పోయి అడుగుతుంది, ఉచితంగా వాడేవాళ్ళ తరఫున తీరిక దొరికినప్పుడు పోతుంది. ఈ రంగంలో అందరికీ తెలిసిన ఐ.ఎఫ్.టి.టి.టి.నే తీసుకోండి. 2020 సెప్టెంబరుదాకా ఎన్ని రూల్సైనా ఉచితం, ఆ నెలలో డబ్బు కట్టే ప్లాన్ తెచ్చారు, ఇప్పుడు ఉచితంలో రెండే. మీరు వాడేది ఏదైనా సరే, ఈ మధ్య ప్లాన్ ఏమైనా మారిందా చూడండి.

శనివారం సంగతి టోకెన్. మీరు తిరుపతివాళ్ళు, మీకు టోకెన్ గురించి నేను చెప్పాలా? విష్ణు నివాసంలోనో భూదేవి కాంప్లెక్స్‌లోనో లైన్లో నిలబడి దర్శనం టోకెన్ తీసుకుంటాం కదా. దాని మీద మన ఆధార్ వివరాలన్నీ ఉండవు, ఫలానా టైముకు లోపలికి పంపమని మాత్రమే ఉంటుంది. టైము దాటితే చెల్లదు, కొత్తది తీసుకోవాల్సిందే. స్విచ్ కంపెనీ మీ సర్వీసుకు ఇచ్చింది ఇలాంటిదే. మీ పాస్‌వర్డ్ వాళ్ళకు ఇవ్వరు, మోటారు వేయడానికీ ఆపడానికీ ఒక టోకెన్ ఇస్తారు. మీరు పాస్‌వర్డ్ మార్చారనుకోండి, పాత టోకెన్లు రద్దయిపోవచ్చు. రూలు ఎన్నిసార్లు తిరగరాసినా టోకెన్ కొత్తది రాదు. సర్వీసులోకి పోయి ఆ అకౌంట్ తెంచి మళ్ళీ కలపాలి.

శుక్రవారం నాకు అర్థం కాలేదు. నాన్నగారు టైము తప్పు చూసుంటారు.

మెట్లదారి | సోమవారం, ఉదయం 9:10

అయ్యో. రెండూ నిజమే. సర్వీసులో మొదట తీసుకున్న పెద్ద ప్లాన్ మే నెలాఖరుకు అయిపోయింది, మెయిల్ వచ్చింది, చూడకుండా పక్కన పడేశాను. స్విచ్‌ది శుక్రవారం రాత్రి పాస్‌వర్డ్ గుర్తులేక మార్చాను. అంటే రౌటర్ పాపం ఏమీ చేయలేదా?

పదమూడో_చానెల్ | సోమవారం, ఉదయం 9:14

రౌటర్‌ను అప్పుడే వదలొద్దు :) సెన్సర్ సిగ్నల్ ఎంత చూపిస్తోంది? మిద్దె మీదికి శ్లాబు దాటి పోవాలి కదా.

మెట్లదారి | సోమవారం, ఉదయం 9:22

మైనస్ 82.

పదమూడో_చానెల్ | సోమవారం, ఉదయం 9:25

మైనస్ 67 అటూ ఇటూ ఉంటే హాయి. 80 దాటితే ఉందంటే ఉంది, లేదంటే లేదు. రౌటర్‌ను పాత చోటు నుంచి జరిపారా?

మెట్లదారి | సోమవారం, ఉదయం 9:27

ఫైబర్ వాళ్ళు హాల్లో టీవీ వెనక పెట్టి పోయారు. ముందు మెట్ల దగ్గర ఉండేది.

పదమూడో_చానెల్ | సోమవారం, ఉదయం 9:28

చెప్పానా లేదా. మెట్ల దగ్గరకే తెచ్చుకోండి.

వైరుమనిషి | సోమవారం, రాత్రి 8:05

నేను చంద్రగిరిలో ముప్పై ఏళ్ళుగా మోటార్లు, స్టార్టర్లు చూస్తా ఉండేవాణ్ణి. మీ సర్వర్లు, టోకెన్ల సంగతి నాకు తెలీదు, చదివితే బాగుంది. కానీ పొద్దున్నుంచి ఇంతమంది మాట్లాడినారు, శుక్రవారం ముచ్చట ఒక్కరూ పట్టుకోలేదే అబ్బా.

పెద్దాయన టైము తప్పు చూసుకోలేదు. ఆయన చెప్పిందే నిజం. స్విచ్ ఆఫ్ అయింది, మోటారు ఆగలేదు. మొదటి పోస్టులోనే రాసినావు కదా తమ్ముడూ, యాప్‌లో ఆఫ్, మోటారు తిరుగుతానే ఉంది అని. దాన్ని యాప్ మీదికి తోసేసినావు. నీ స్విచ్ లోపల కరెంటును కలిపి తెంచే రిలే అని చిన్న భాగం ఉంటుంది, దాని కాంటాక్టులు అతుక్కుపోతా ఉండాయి.

ఆ స్విచ్ మీద 16 యాంప్స్ అని రాసుంటుంది, అది చూసి మోటారుకు పెట్టేసినావు, అవునా? ఆ 16 గీజర్, ఇస్త్రీపెట్టె లాంటివాటికి చెప్పే లెక్క. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు, అది మోటారు చేసే పని. లైను నుంచి లాగేది అంతకంటే ఎక్కువ, నడిచేటప్పుడు ఆరేడు యాంప్స్ దాకా పోతుంది. మొదలయ్యే ఆ క్షణంలో దానికి ఐదారింతలు లాగుతుంది. అంత కరెంటు ఒక్కసారి పారేసరికి ఆ చిన్న కాంటాక్టుల మొన కరిగి ఒకదానికొకటి వెల్డింగ్ పెట్టినట్టు పట్టుకుంటాయి. చల్లారినాక ఒక్కోసారి ఊడుతుంది, అందుకే మరసటి రోజు బాగుంటుంది. ఒకరోజు ఊడదు. ఆ రోజు సంపు ఎండిపోయి మోటారు ఉత్తగా తిరిగితే సీలు పోతుంది, వైండింగ్ కాలుతుంది. ఆ స్విచ్ డబ్బా కాలినా కాలొచ్చు.

ఇప్పుడే ఇంటికి ఫోన్ చెయ్యి. మోటారు ఎం.సి.బి. దించి పెట్టమను. నువ్వు వచ్చేదాకా ఆ స్విచ్ జోలికి పోవద్దు. నీళ్ళు కావాలంటే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పాత స్విచ్‌కే కలపమను.

మెట్లదారి | సోమవారం, రాత్రి 8:19

అన్నా, చేతులు వణుకుతున్నాయి. ఫోన్ చేశాను, ఎం.సి.బి. దించేశారు. నాన్న అన్న మాట ఏమిటో తెలుసా, స్విచ్ డబ్బా వారం నుంచి వెచ్చగా ఉంటోందట. "చెబితే నీకు టెన్షన్ అని చెప్పలేదు" అంటున్నారు.

కొర్లగుంట_కోడర్ | సోమవారం, రాత్రి 8:40

వైరుమనిషి గారూ, దండం పెడుతున్నాను. యాప్‌లో ఆఫ్ అంటే రిలేకు ఆఫ్ అని చెప్పినట్టే, మోటారు ఆగినట్టు కాదు. రోజంతా ఇదే పని చేసేవాణ్ణి, నాకు తట్టలేదు. కరెంటు ఎంత పారుతోందో కొలిచే రకం స్విచ్ అయితే అక్కడే తెలిసిపోయేది.

తులసికోట గారూ, మీ ఒకటిన్నర లైటు గురించి మధ్యాహ్నమంతా ఆలోచించాను. మార్చిలో పదకొండున్నర అనగానే అందరికీ ఐదున్నర గంటలే గుర్తొస్తుంది, నాకూ అదే గుర్తొచ్చింది. కానీ మన తిరుపతిలో మార్చి నెలాఖరుకూ జూన్‌కూ సూర్యాస్తమయంలో తేడా ఇరవై నిమిషాలకు మించదు. మీ లైటు రెండు గంటలు జరిగింది. వేసవిలో పగలు అంత పొడుగయ్యే ఊరు మనకు చాలా ఉత్తరాన ఉండాలి. అంటే మీ లైటు ఇంకో ఊరి సూర్యుణ్ణి చూస్తోంది.

ఆ ఊరు ఆమ్‌స్టర్‌డామ్. హోమ్ అసిస్టెంట్ మొదటిసారి పెట్టేటప్పుడు మీ ఇల్లు ఎక్కడ అని ఒక పటం చూపిస్తుంది. మనం గుర్తు జరపకపోతే అది ఆమ్‌స్టర్‌డామ్ మీదే ఉంటుంది. మీ మేనల్లుడు దాన్ని కదపకుండా 'తర్వాత' నొక్కేసి ఉంటాడు. గడియారం వేరే సెట్టింగు కాబట్టి అది సరిగ్గా ఉంది. జూన్‌లో అక్కడ రాత్రి పది దాటాక పొద్దుగూకుతుంది. వాళ్ళు వేసవిలో మనకంటే మూడున్నర గంటలు వెనక. పదికి మూడున్నర కలపండి, ఒకటిన్నర. మార్చి నెలాఖరులో వాళ్ళ సూర్యాస్తమయం మనకు పదకొండున్నర. రెండూ సరిపోయాయి.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు లెండి. 2013లో దాన్ని మొదలుపెట్టిన పౌలస్ షౌట్‌సన్ నెదర్లాండ్స్ మనిషి, మొదట రాసుకున్నది కూడా పొద్దుగూకాక ఇంట్లో లైట్లు వెలగడం కోసమే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో జనరల్, అక్కడ ఇంటి చోటు మార్చండి. 13.6 ఉత్తరం, 79.4 తూర్పు. పటం మీద పద్మావతి అమ్మవారి గుడి పక్కకు గుర్తు లాగినా చాలు.

తులసికోట | సోమవారం, రాత్రి 9:02

గుర్తు నిజంగానే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది!! మార్చేశాను. రేపు సాయంత్రం చూసి చెబుతాను. నిమ్మకాయల సంగతి మా అత్తగారికి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

పలమనేరు_పాలపిట్ట | మంగళవారం, మధ్యాహ్నం 1:15

చదివేకొద్దీ నాకో అనుమానం. ఇంత దూరం తిప్పడం ఎందుకు? ఇంట్లో ఒక చిన్న కంప్యూటర్ పెట్టుకుని, రౌటర్‌లో పోర్టు, అంటే బయటినుంచి లోపలికి దారి తెరిచి, బెంగళూరు నుంచి నేరుగా మోటారు చూసుకోవచ్చు కదా. నేను పాత కనెక్షన్‌లో అలానే చేసేవాణ్ణి. ఫైబర్‌కు మారాక ఎంత తెరిచినా బయటినుంచి కనపడటం లేదు, అది వేరే సంగతి.

కొర్లగుంట_కోడర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:50

వేరే సంగతి కాదు, అదే సంగతి. రౌటర్ పేజీలో వాన్ (WAN) అడ్రసు, అంటే బయటి ఇంటర్నెట్ వైపు అడ్రసు చూడండి. 100.64 నుంచి 100.127 లోపల మొదలైతే మీకు సొంత అడ్రసు లేదన్నమాట. అపార్ట్‌మెంటులో అందరికీ కలిపి ఒకటే డోర్ నంబర్ ఇచ్చినట్టు, కంపెనీ ఎంతోమందికి కలిపి ఒక్క అడ్రసు వాడుతోంది. దీన్ని సీజీ-నాట్ అంటారు, ఆ నంబర్లను 2012లో ఇందుకోసమే పక్కన పెట్టారు. మీరు మీ ఇంటి తలుపు ఎంత తెరిచినా వీధి గేటు వాళ్ళ చేతిలో ఉంది.

అయినా పోర్టు తెరవడం మంచి అలవాటు కాదు, ఎవరైనా వచ్చి తట్టొచ్చు. ఇంటి లోపలినుంచే బయటికి సొరంగం తవ్వే వీపీఎన్‌లు ఉన్నాయి, టెయిల్‌స్కేల్ లాంటివి. అవి సీజీ-నాట్ వెనకనుంచి కూడా పనిచేస్తాయి.

మెట్లదారి గారికి కూడా నా సలహా ఇదే. నిర్ణయం ఇంట్లోనే జరగాలి. తులసికోట గారి దగ్గర ఉన్నలాంటి పెట్టె ఒకటి, దాని మీద ఎంక్యూటీటీ, అంటే పరికరాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే పద్ధతి. ఇది 1999లో నూనె పైప్‌లైన్లను శాటిలైట్ ద్వారా గమనించడానికి పుట్టింది. లైను అరకొరగా ఉంటుందని ముందే తెలిసి చేసినవాళ్ళు కాబట్టి అందులో ఒక చక్కని ఏర్పాటు ఉంది, వీలునామా. పరికరం కనెక్ట్ అయ్యేటప్పుడే "నేను చెప్పాపెట్టకుండా మాయమైతే అందరికీ ఈ కబురు చెప్పండి" అని రాసిచ్చి పెడుతుంది. మీ సెన్సర్ పోయిందనుకోండి, ఆ వీలునామా కబురు చూసి మోటారు ఆపేయొచ్చు. ఇప్పుడు మీ దగ్గర సెన్సర్ చచ్చిపోతే, చివరిసారి చెప్పిన 60 శాతం దగ్గరే అందరూ కూర్చుని ఉంటారు.

వైరుమనిషి | మంగళవారం, రాత్రి 8:30

వీలునామా బాగుంది కానీ కోడర్ తమ్ముడూ, ఆ పెట్టె హ్యాంగ్ అయితే? కరెంటు పోయి వచ్చి అది లేవకపోతే? వెయ్యి లీటర్ల ట్యాంకుకు అంత సరంజామా ఎందుకయ్యా.

మెట్లదారి, నువ్వు వచ్చినప్పుడు చేయించాల్సింది చెబుతాను, రాసి పెట్టుకో. మోటారు కరెంటు స్విచ్‌లో పారకూడదు. ఒక కాంటాక్టర్ పెట్టించు, అది పెద్ద కరెంటును కలిపి తెంచే గట్టి స్విచ్, మోటారు లోడు అది మోస్తుంది. నీ వైఫై స్విచ్ ఆ కాంటాక్టర్ కాయిల్‌కు కరెంటు ఇచ్చేదానికి మాత్రమే, కాయిల్ తాగేది చాలా తక్కువ. కాయిల్ వైరును నేరుగా ఇవ్వకుండా ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ గుండా తిప్పు. నీళ్ళు పైకొచ్చి ఫ్లోట్ లేచిందంటే కాయిల్‌కు కరెంటు తెగుతుంది, మోటారు ఆగుతుంది. నెట్టు ఉన్నా లేకున్నా, టోకెన్ చెల్లినా చెల్లకున్నా. మోటారు మోతాదు మించి కరెంటు లాగితే ఆపే ఓవర్‌లోడ్ రిలే కూడా వేయించు. ట్యాంకులోకి వైరు పోతోంది కాబట్టి కరెంటు లీకైతే వెంటనే తెంచేసే 30 మిల్లీ యాంప్స్ ఆర్.సి.సి.బి. ఆ లైనుకు తప్పకుండా ఉండాలి, ఇందులో బేరాలు లేవు.

ఇంకోటి. ఆ స్విచ్ సెట్టింగుల్లో కరెంటు పోయి వస్తే ఏం చెయ్యాలి అని ఉంటుంది, చూడు. పాత స్థితి అని ఉంటే ఆఫ్ అని మార్చు. కోత తర్వాత కరెంటు రాగానే ఎవరూ అడగకుండా మోటారు మొదలవడం అన్నిటికంటే చెడ్డది.

కొర్లగుంట_కోడర్ | మంగళవారం, రాత్రి 8:52

ఒప్పుకున్నాను అన్నా. ఫ్లోట్ ముందు, నా పెట్టె తర్వాత.

ఒక్కటి కలుపుతాను. చాలా స్విచ్చుల్లో 'ఇంచింగ్' అని ఉంటుంది. ఆన్ అయిన ఇంత సేపటికి తనంతట తానే ఆఫ్ అవుతుంది, ఆ లెక్క స్విచ్ లోపలే జరుగుతుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. మీకు నిండటానికి 22 నిమిషాలు కాబట్టి 30 పెట్టండి. స్విచ్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు టాస్మోటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నవాళ్ళకు అదే పల్స్‌టైమ్, 1900 అని ఇవ్వాలి. వంద తీసేసి మిగతాది సెకన్లుగా లెక్కేస్తుంది, 1800 సెకన్లంటే అరగంట.

పదమూడో_చానెల్ | బుధవారం, ఉదయం 7:05

కరెంటు కోత మాట వచ్చింది కాబట్టి. కరెంటు రాగానే స్విచ్ కొన్ని సెకన్లలో లేస్తుంది, ఫైబర్ డబ్బా, రౌటర్ లేవడానికి రెండు మూడు నిమిషాలు. ఈలోపు స్విచ్ వెతికి వెతికి అలిసిపోతుంది, కొన్ని మళ్ళీ ప్రయత్నించవు. ఇంకా చిత్రం, ఈ పరికరాల్లో చాలావాటికి సొంత గడియారం బ్యాటరీ ఉండదు, లేచీ లేవగానే 1970 జనవరి 1 అనుకుంటాయి. నెట్‌లో టైము తెలుసుకునేదాకా, సర్వరు తన గుర్తింపుకు చూపించే సర్టిఫికెట్ ఇంకా పుట్టనేలేదనుకుని దాన్ని నమ్మవు. రౌటర్‌ను, ఫైబర్ డబ్బాను ఇన్వర్టర్ మీద పెట్టండి, సగం రోగాలు పోతాయి.

సర్టిఫికెట్ అంటే గుర్తొచ్చింది, నా పాత కెమెరా ఒకటి 2021 సెప్టెంబరు 30 నుంచి సర్వరుతో మాట్లాడటం మానేసింది. ఆ రోజుతో మిగతా సర్టిఫికెట్లకు పూచీ ఇచ్చే ఒక పాత రూట్ సర్టిఫికెట్ గడువు తీరింది, దానికి అప్‌డేట్ రాలేదు. ఇప్పుడు పూజగది అటక మీద ఉంది.

తులసికోట | బుధవారం, ఉదయం 9:40

నిన్న సాయంత్రం ఆరున్నర దాటాక లైటు వెలిగింది. మా అత్తగారు నిమ్మకాయలు పనిచేశాయన్నారు. నేను ఏమీ మాట్లాడలేదు. కోడర్ గారికి, అందరికీ కృతజ్ఞతలు.

మెట్లదారి | ఆదివారం, సాయంత్రం 5:30

ఎం.ఆర్.పల్లి నుంచి రాస్తున్నాను. శనివారం తెల్లవారుజామున బస్సు దిగాను, టీ కూడా తాగకుండా స్విచ్ దగ్గరకు పోయాను. ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్ తీసేసి, స్విచ్ ఊడదీసి, మల్టీమీటరు పెట్టాడు. బీప్. ఎక్కడా కరెంటు లేకుండా, ఆఫ్‌లో చేతిలో ఉన్న స్విచ్ బీప్ అంటోంది. టేబుల్ మీద ఒక్క దెబ్బ కొడితే ఊడింది, బీప్ ఆగింది. విప్పి చూస్తే కాంటాక్టుల దగ్గర నల్లగా మాడి ఉంది. నాన్న దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు.

వైరుమనిషి అన్న చెప్పినట్టే చేయించాను. కాంటాక్టర్, ఓవర్‌లోడ్, ఆర్.సి.సి.బి., ఫ్లోట్, కొత్త స్విచ్. కొత్త స్విచ్‌లో ఇంచింగ్ 30 నిమిషాలు, కరెంటు పోయి వస్తే ఆఫ్. రౌటర్ మళ్ళీ మెట్ల దగ్గరకు వచ్చింది, సెన్సర్ సిగ్నల్ మైనస్ 66. అకౌంట్ తెంచి కలిపాను. ఉచిత ప్లాన్‌లోనే ఉన్నాను, 20 కిందికి పోతే మోటారు వేయడానికి గంట ఆలస్యమైనా కొంప మునగదు. ఆపే పని మాత్రం ఫ్లోట్‌ది. కోడర్ గారు చెప్పిన పెట్టె దసరా సెలవులకు చూస్తాను.

నిన్నా ఇవాళా మూడుసార్లు నిండింది, చుక్క బయట పడలేదు. ఇంత చేశాక పక్కింటి అత్త ఈ పొద్దున గోడ మీదుగా పలకరించింది. "ఏం రా, మీ నీళ్ళు రావడం లేదు, మా మల్లెచెట్టు వాడిపోతా ఉంది" అని.

వైరుమనిషి | ఆదివారం, రాత్రి 7:50

బకెట్టు పంపించు తమ్ముడూ. ఆ ఫ్లోట్‌ను మాత్రం ఆర్నెల్లకోసారి చేత్తో ఎత్తి చూడమను నాన్నను, ఎత్తేముందు ఎం.సి.బి. దించమను. పాచి పడితే లేవదు.